వెనక గది స్విచ్చి

అడ్డపోగు మోసే నాడె అవతలి అంచుకు చేరకముందే మగ్గం మోటారు ఆగిపోయింది. పైన డిజైను పోగులు ఎత్తే జాకార్డు పెట్టెలో లేచి ఉన్న కొక్కేలన్నీ ఒక్కసారిగా కింద పడ్డాయి. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న శ్రీరంగప్ప లేవకుండా ముందుకు వంగి చీర మీదికి చూశాడు. కొంగులో నెమలి మెడ దగ్గర జరీ పోగు సగం పైన, సగం కింద పడి ఉంది. దాన్ని గోటితో మెల్లగా వెనక్కి లాగాడు. పట్టు మీద ఒకసారి పడిన జరీని వెనక్కి తీస్తే అక్కడ సన్నని గీర మిగులుతుంది. కట్టుకునేవాళ్లకు అది కనపడదు. చీర తీసుకునే అంగడివాడికి మాత్రం మొదట అదే కనపడుతుంది.

"మళ్లా పాయెనా?" వంటింట్లోంచి భార్య సువర్ణ అడిగింది.

"పాయ. ఆయప్ప ఇంట్లో ఉండాడు గదా ఈ పొద్దు. పోకుండా ఎట్లుంటాది?"

ఆయప్ప అంటే వెనక గదిలో బాడుగకు ఉండే ఇమ్మానుయేల్. కరెంటు ఖర్చు బాడుగలోనే కలిపి. చీరలకు పాలిష్ పట్టే అంగడిలో పని. ఆ అంగడికి శుక్రవారం సెలవు. అతని భార్య గౌతమి ఇంట్లోనే కూర్చుని చీరల కొంగులకు కుచ్చులు కడుతుంది. వాళ్లకు పాకే వయసు ఆడపిల్ల. ఉగాది అయినాక వచ్చి చేరారు. కరెంటు ఇట్లా పడిపోవడమూ అప్పటినుంచే. అన్ని రోజులూ కాదు. శుక్రవారం తప్పకుండా, ఒక్కోసారి శనివారం.

శ్రీరంగప్ప గుంతలోంచి లేచి, తల్లి ఓబమ్మ అప్పుడే కడిగి పసుపు పూసిన గడపను తొక్కకుండా దాటి, వసారాలోకి వచ్చాడు. కరెంటు పెట్టె తలుపు పక్కనే గోడకు ఉంది. అందులో ఇల్లంతటికీ కలిపి ఒక పెద్ద స్విచ్చి, దాన్ని ఊళ్లో అందరూ ట్రిప్పర్ అంటారు. దాని పక్కన మగ్గానికి, ముందు గదికి, వంటింటికి, వెనక గదికి తలా ఒక చిన్న స్విచ్చి. ట్రిప్పర్ నాలుక కిందికి పడి ఉంది. పైకెత్తాడు. టప్పున పడింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ పడింది.

కరెంటు పని చేసే ఓబుళేసు మొన్న ఫోనులో ఒక ఉపాయం చెప్పాడు. ఊరికే ఎత్తుతా ఉంటే ఏమీ తెలీదన్నా, చిన్నవన్నీ దించేసి పెద్దది ఎత్తు, తర్వాత ఒక్కోటే ఎత్తుకుంటా రా, ఏది ఎత్తితే పడతాదో రోగం దాంట్లో ఉన్నట్టు అని. శ్రీరంగప్ప చేతులు పంచెకు తుడుచుకుని అట్లాగే చేశాడు. మగ్గానిది ఎత్తాడు. ట్రిప్పర్ నిలబడింది. ముందు గదిది ఎత్తాడు. నిలబడింది. వంటింటిది ఎత్తాడు. నిలబడింది. వెనక గదిది ఎత్తగానే టప్పున పడింది.

"దొరికినాడు," అన్నాడు.

వసారాలో తులసి కుండీ పక్కన కూర్చుని ఉన్న ఓబమ్మ తలెత్తింది. "ఏమి దొరికిందిరా రంగా?"

"దొంగ దొరికినాడమ్మా."

"నేను చెప్తి. నా మాట యాడ వింటివి?"

పక్క సందులోంచి వెనక గదికి పోయాడు. తలుపు తెరిచే ఉంది. గౌతమి గోడకు ఆనుకుని కూర్చుని, ఒడిలో పరిచిన కొంగు పోగులను నాలుగు వేళ్ల మధ్య విడదీస్తోంది. కుచ్చు ముడి ఒకటి పళ్ల మధ్య పట్టుకుని ఉంది. ఇమ్మానుయేల్ బకెట్టు ముందు గొంతుక్కూర్చుని పాపకు నీళ్లు పోస్తున్నాడు. బకెట్టులోంచి ఆవిరి వస్తోంది. శ్రీరంగప్ప కళ్లు ఆ ఆవిరి మీదే నిలబడ్డాయి.

"ఏమప్పా, నీళ్లు దేంతో కాంచినారు?"

"గ్యాసు మీదన్నా. ఏమి, కరెంటు పాయెనా?"

"పాయె. నీ స్విచ్చి ఎత్తితేనే పోతాంది. హీటరు యాడ పెట్టినావు?"

ఇమ్మానుయేల్ చెంబు కింద పెట్టాడు. "హీటరా? మాకు హీటరు లేదన్నా."

"లేకపోతే ఎట్ల పోతాది? కరెంటుకు నా మీదేమన్నా పగనా?"

అడగకుండానే లోపలికి వచ్చి మంచం కింద వంగి చూశాడు. చాప చుట్ట, బియ్యం డబ్బా, పాత చెప్పులు. బల్ల కింద చూశాడు. బొగ్గులాంటి వాసన ఏమన్నా వస్తుందేమోనని గోడ మీది ప్లగ్గు దగ్గర ముక్కు పెట్టాడు. ఏమీ రాలేదు. మూలలో ఒక రేకు పెట్టె ఉంది.

"ఇది తెరువమ్మా."

గౌతమి నోట్లో ముడి అట్లాగే ఉంది. దాన్ని తీసి, కొంగును మడిచి పక్కన పెట్టి, లేచి పెట్టె తెరిచింది. పైన తెల్లగుడ్డలో చుట్టిన పుస్తకం ఉంది. అది ఏ పుస్తకమో శ్రీరంగప్పకు తెలిసింది. చెయ్యి దాని మీదికి పోయి ఆగింది. ఒకరి దేవుడి పుస్తకాన్ని అట్లా ముట్టరాదని అతనికి ఎవరూ నేర్పకపోయినా తెలుసు.

"నువ్వే తీయమ్మా," అన్నాడు.

ఆమె తీసి గుండెకు ఆనించుకుని నిలబడింది. అతను దాని కింది బట్టల్లో చెయ్యి పెట్టి వెతికాడు. పుస్తకాన్ని ముట్టకూడదన్న మనసు, దాని కిందేముందో చూడకూడదని మాత్రం అనలేదు. అడుగున ఇస్త్రీ పెట్టె తగిలింది.

"ఇదేంది మరి?"

"వైరు తెగిపోయి ఉండాదన్నా. చూడండి," అన్నాడు ఇమ్మానుయేల్.

నిజమే, వైరు మొదట్లోనే తెగి ఉంది. అయినా శ్రీరంగప్ప దాన్ని చంకన పెట్టుకున్నాడు. "నా దగ్గరుండనీ."

గౌతమి అప్పుడు అడిగింది. "ఏమి దొరికిందన్నా మా గదిలో?"

"దొరక్కపోతే గదా అనుమానం," అని అతను బయటికి నడిచాడు. తడి ఒంటితో ఉన్న పాప ఏడ్చింది, చలికి కాదు, తండ్రి ముఖం చూసి.

వెనక గది స్విచ్చి దించే ఉంచి ఆ పొద్దంతా నేశాడు. ట్రిప్పర్ ఒక్కసారి కూడా పడలేదు. మధ్యాహ్నం రాతి కప్పు కాగి, గాలి లేక, వెనకనుంచి పాప ఏడుపు గోడ దాటి వినపడుతూనే ఉంది. సువర్ణ రెండుసార్లు వచ్చి మగ్గం దగ్గర నిలబడి వెళ్లింది. మూడోసారి అడిగింది.

"బిడ్డ ఉడికిపోతాంది. స్విచ్చి ఎయ్యగూడదా?"

"హీటరు ఇస్తే ఏస్తా."

సాయంత్రం పొద్దు వాలినాక ఆమె పోరు పడలేక వేశాడు. ట్రిప్పర్ నిలబడింది. గంట చూసినా పడలేదు. దాంతో అతని అనుమానం తగ్గాల్సింది పోయి గట్టిపడింది. పొద్దున పడి, సాయంత్రం పడలేదంటే మధ్యలో ఏదో తీసి దాచేసినారన్నమాట.

సందు మొదట్లో ఇమ్మానుయేల్ కనపడితే చెప్పేశాడు. "ఈ నెలాఖరుకు వేరే ఇల్లు చూసుకో అప్పా."

ఇమ్మానుయేల్ చేతిలో పాల ప్యాకెట్టును ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఈడ ఇల్లు దొరకాలంటే మాకు ఎంత కష్టమో మీకు తెలుసు గదన్నా. పేరడిగి, తర్వాత గది లేదంటారు. ఇప్పుడు కరెంటు దొంగలని బయటపడితే ఇంక ఎవరిస్తారు?"

"నేనేమీ ఊరంతా చెప్పనులే."

"మీరు చెప్పక్కర్లేదన్నా. మీరు పెట్టె వెతికేటప్పుడు సందులో అందరూ చూసినారు."

*

ఆ తర్వాతి రోజుల్లో శ్రీరంగప్ప ఒక చెవి మగ్గం మీద, ఒక చెవి వెనక గోడ మీద పెట్టి నేశాడు. అక్కడ గిన్నె చప్పుడైతే నాడె ఆపేవాడు. వసారాలోకి వచ్చి మీటరు మీద మినుకుమనే ఎర్ర దీపాన్ని చూసేవాడు. అది తొందరగా కొడుతోందా, నిదానంగా కొడుతోందా అని లోపల లెక్క వేసుకునేవాడు. ఎంత తొందర ఎక్కువో అతనికి తెలియదు. అయినా ప్రతిసారీ అది కొంచెం తొందరపడినట్టే కనిపించేది.

పూజ గదిలో దీపం పెట్టి చౌడమ్మ పటం ముందు కళ్లు మూసుకుంటే కూడా ఇదే. తల్లీ, వాళ్లు ఏమి దాచినారో నాకు కనపడేట్టు చెయ్యి అని మొక్కేవాడు. ఒకసారి మొక్కుతూ ఉండగానే, దేవుడిని కాపలాకు పిలుస్తున్నానే అన్న ఆలోచన వచ్చి, కళ్లు తెరిచాడు. కానీ మొక్కు మార్చుకోలేదు.

గౌతమి మునుపు కుళాయి దగ్గర సువర్ణతో నాలుగు మాటలు మాట్లాడేది. ఇప్పుడు బిందె నిండగానే వెళ్లిపోతోంది. బుధవారం పొద్దున ఇద్దరూ పాపను ఎత్తుకుని, ఒక సంచితో బయలుదేరారు.

"యాడికప్పా?" వసారాలోంచి అడిగాడు శ్రీరంగప్ప.

"కంబదూరు. మా అత్తగారింటికి. ఆదివారం చర్చి అయినాక వస్తాం."

శ్రీరంగప్ప చూపు సంచి మీదికి పోయింది. గౌతమి అది గమనించింది. సంచి మూతిని రెండు చేతులతో విప్పి అతని వైపు వంచింది. పాప బట్టలు, ఒక పాలసీసా. అతనే ముఖం తిప్పుకున్నాడు. వాళ్లు సందు మలుపు తిరిగేదాకా ఓబమ్మ చూసి, "పోనీ, ఈ నాలుగు దినాలైనా ఇల్లు నెమ్మదిగుంటాది," అంది.

నెమ్మదిగానే ఉంది, శుక్రవారం దాకా.

శుక్రవారం పొద్దున కొంగు చివరి వరసలు నేస్తుండగా మోటారు ఆగింది. కొక్కేలు పడ్డాయి. శ్రీరంగప్ప నాడెను చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. వెనక గదికి తాళం ఉంది. పొద్దున తనే చూశాడు.

పెట్టె దగ్గరికి వచ్చి చిన్న స్విచ్చిలన్నీ దించి, ఒక్కోటే ఎత్తాడు. మళ్లీ వెనక గదిదే. దించితే నిలబడుతుంది, ఎత్తితే పడుతుంది. మనిషి లేని గది. దీపం లేదు, ఫ్యాను లేదు. సందులోకి పోయి కిటికీ సందులోంచి చూశాడు. చీకటి. తాళాన్ని పట్టుకుని గుంజి చూశాడు.

"ఎవరూ లేరు గదా లోపల. ఇప్పుడేమంటావు?" అంది సువర్ణ, వెనకనుంచి.

"పోతా పోతా ఏదో తగిలిచ్చి పోయినారు. నన్ను ఏడిపిద్దామని."

"నీకేమన్నా పిచ్చా?"

"మరి నువ్వు చెప్పు, ఇంకేమిటికి పోతాది?"

ఆమె తాళాన్నొకసారి చూసి లోపలికి పోయింది. అతనికి అది చాలు. సోమవారానికి చీర మగ్గం నుంచి దించి ఇవ్వాలి. పెళ్లివాళ్లకు మాట ఇచ్చినామని అంగడివాడు పొద్దున కూడా ఫోను చేశాడు. శ్రీరంగప్ప ఓబుళేసును పిలిపించాడు.

ఓబుళేసు స్కూటరు మీద వచ్చాడు, నోట్లో వక్క. పెట్టె ముందు నిలబడి రెండుసార్లు స్విచ్చి ఎత్తి దించి, తాళం దాకా పోయి వచ్చాడు.

"లోపలేదో ప్లగ్గుకు పెట్టి ఉంటారన్నా. తలుపు తీయకుంటే నేనేమి చూడాల?"

"తాళం పగలగొడ్తామా?"

"నువ్వు పగలగొట్టు. నేను పోలీసుల దగ్గర సాక్షం చెప్తా," అని నవ్వాడు. "ఇదో, గదిది దించేసి నేసుకో. వాళ్లు లేరు గదా."

"ఆ గది అవతలి గోడకే నీళ్ల మోటారుండాది. అది లేకుంటే పొద్దున తాగేకి నీళ్లు యాడివి?"

ఓబుళేసు తల గోక్కున్నాడు. "అట్లయితే ట్రిప్పర్ తప్పించి డైరెక్టు ఇచ్చేదా? పని నడుస్తాది. కానీ చెప్తాండా, అది మంచిది కాదు. ఆ ట్రిప్పర్ పడేది మనల్ని సతాయించేకి కాదు."

"వాళ్లు వచ్చేదాకానే. ఆదివారం మళ్లా పెట్టేద్దువు."

"నీ ఇల్లు, నీ ఇష్టం. రేపు నన్ను అనగాకు."

ట్రిప్పర్‌ను వదిలేసి పైవైరునూ కిందివైరునూ కలిపి బిగించి, మూత పెట్టి, స్కూటరెక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మోటారు చీకటి పడేదాకా ఆగకుండా తిరిగింది. నెమలి తోక పూర్తయింది. శ్రీరంగప్ప చాలా రోజుల తర్వాత నేస్తూ నేస్తూ గొంతులో ఒక భజన పాట తీశాడు.

*

శనివారం పొద్దున అతను స్నానం చేసి వచ్చి విభూతి పెట్టుకుంటూ ఉంటే, వసారాలోంచి తల్లి పిలిచింది. అది మామూలు పిలుపు కాదు.

"రంగా! ఒరే రంగా! సువర్ణా! రాండే!"

ఇద్దరూ పరుగెత్తారు. ఓబమ్మ గడప ముందు గొంతుక్కూర్చుని ఉంది. గడపకు తొడిగిన ఇత్తడి రేకు నీళ్లకు తళతళలాడుతోంది. పక్కన పసుపు గిన్నె. కుడిచేతి వేళ్లు పసుపుతో గాలిలో ఉన్నాయి. కళ్లలో నీళ్లు.

"తల్లి వచ్చిందిరా. చౌడమ్మ తల్లి గడపలోకి వచ్చింది. చెయ్యి పెడితే జివ్వుమంటాంది. మోచేతి దాకా ఎక్కుతాంది. నా జన్మకు ఇది చాలురా నాయనా."

సువర్ణ చేతులు జోడించింది. శ్రీరంగప్పకు కూడా ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లుగా అమ్మ ఈ గడపను కడుగుతోంది, పూస్తోంది, బొట్లు పెడుతోంది. ఎవరికైనా పలికితే అమ్మకే పలకాలి. అతను వంగి భక్తిగా రెండు వేళ్లు రేకు మీద ఆనించాడు.

జివ్వుమంది. చేతి మీద వెంట్రుకలు లేచాయి.

ఆ జివ్వు అతనికి తెలుసు. మగ్గం మోటారు పెట్టె తడి చేత్తో ముట్టుకున్నప్పుడు ఒకసారి ఇట్లాగే పాకింది. భుజం దాకా వచ్చి, పళ్లలో దిగింది.

"అమ్మా, చెయ్యి తీయి. లెయ్యి. దూరంగా లెయ్యి."

"ఏమిరా? తల్లి..."

"లెయ్యమంటాండా గదమ్మా!"

తల్లి మీద అతను అట్లా ఎప్పుడూ అరవలేదు. సువర్ణ ఆమె భుజాలు పట్టి తడి లేని చోటికి లాగింది. శ్రీరంగప్ప కాళ్లు తుడుచుకుని, పొడి చెక్కపీట తెచ్చి కరెంటు పెట్టె ముందు వేసి, దాని మీద నిలబడి వెనక గది స్విచ్చి దించాడు. దిగి వచ్చి, వేలి వెనకవైపుతో, పాము పడగను ముట్టినట్టు రేకును ముట్టి తీశాడు. ఏమీ లేదు. మళ్లీ ముట్టాడు. ఉత్త ఇత్తడి, నీళ్లకు చల్లగా.

మళ్లీ స్విచ్చి వేసి చూద్దామన్న ఆలోచన వచ్చింది. చెయ్యి పోలేదు.

"ఏమయిందిరా? తల్లి పోయిందా?" ఓబమ్మ దూరం నుంచి అడిగింది.

"అమ్మా, స్విచ్చి దించితే చౌడమ్మ పోతాదా?"

ఓబమ్మ ముఖంలో వెలుగు మెల్లగా తగ్గడం అతను చూశాడు. ఒకరి సంతోషాన్ని ఇంత పొద్దున్నే ఇట్లా తీసేయాల్సి వచ్చిందే అనిపించింది.

మీటరు దగ్గర ఇల్లంతటికీ కరెంటు ఆపేసి, ఉలి తెచ్చి, గడప లోపలి అంచున రేకును పట్టి ఉన్న మేకులను ఒక్కొక్కటే లేపాడు. ఆ మేకులు తను కొట్టినవే. వెనక గది క్రైస్తవులకు ఇస్తున్నామని తెలిసినప్పుడు తల్లి మూడు రోజులు పోరు పెట్టింది. ఇచ్చేదే అయితే గడపకు ఇత్తడి తొడుగు, ఇంటి కళ పోకుండా ఉంటాది అంది. ఆ మాటకు ఎదురు చెప్పలేక, ధర్మవరం బజారులో రేకు కొని తెచ్చి తనే కొట్టాడు. అంతకు చాలా ముందు వెనక గది కట్టేటప్పుడు, కొత్తగా సున్నం వేసిన గోడ పగలగొట్టడం ఎందుకని, ఆ గది వైరును గడప లోపలి అంచు వెంట గాడి తీసి సిమెంటులో పూడ్పించిందీ తనే. రెండూ తనకు తెలుసు. ఆ రెండింటినీ ఒకచోట పెట్టి ఎప్పుడూ ఆలోచించలేదు, అంతే.

మూలలో మేకు ఒకటి లేస్తూ లేస్తూ పచ్చని పొడిని రాల్చింది. కింద పైపుకు చిల్లు. చిల్లులోంచి వైరు మీది ఎర్ర తొడుగు గీరుకుపోయి, రాగి తళుక్కుమని కనపడింది. చుట్టూ నల్లగా కాలిన మచ్చ. ఎండకు గడప పొడిగా ఉన్నన్ని దినాలు ఏమీ లేదు. శుక్రవారం, శనివారం గడప మీద నీళ్లు పోసినప్పుడల్లా తడి ఆ చిల్లులోకి దిగి, కరెంటు గడపలోకి కారింది. కారినప్పుడల్లా ట్రిప్పర్ పడి ఇంట్లోవాళ్లను కాపాడింది. నిన్న దాన్ని తనే పీకించాడు.

సువర్ణ అతని వెనక నిలబడి అంతా చూసింది.

"వాళ్ల పాప పాకుతా వచ్చి మెరిసేది చూసి పట్టుకోని ఉంటే?" అంది.

శ్రీరంగప్ప మేకును అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. దానికి చేతిలో ఏ బరువూ లేదు.

ఓబుళేసు మధ్యాహ్నం వచ్చాడు. చిల్లు చూసి వక్క ఉమ్మేసి, "అబ్బా," అన్నాడు. "నేనూ లోపల హీటరే అనుకుంటినన్నా. తాళం చూసి ఆడికే ఆగిపోతి. గోడల్లో వైరు యాడ పోతాందో అడగాల్సింది నేను."

"చిన్న స్విచ్చి ఎందుకు పడలేదు మరి, నిన్న?"

"అది వైరు కాలిపోయేంత కరెంటు లాగితేనే పడతాది. మనిషి పోయేదానికి దాంట్లో కొంచెం చాలు. ఆ కొంచెం చూసేకే ఈ ట్రిప్పర్."

పాత వైరును గడప కింద వదిలేసి, కొత్త వైరును తలుపు పైనుంచి తెల్ల పట్టీలో తీసుకుపోయాడు. ట్రిప్పర్‌ను మళ్లీ బిగించాడు. దాని మీద చిన్న బొత్తాన్ని నొక్కితే టప్పున పడింది. "ఇది నెలకొకసారి నొక్కు. పడితే ప్రాణముండాదని అర్థం. పడకుంటే నన్ను పిలువు," అన్నాడు. పెరట్లో కరెంటును భూమిలోకి దింపే ఎర్తు గుంత ఎండి బీటలు వారి ఉంటే, దాన్ని తవ్వి బొగ్గు, ఉప్పు కలిపి వేసి రెండు బిందెల నీళ్లు పోయించాడు. ఈ నేలలో వానకు ఎదురు చూస్తే ఎర్తు బతకదు, వారానికొక బిందె పోయమన్నాడు. కరెంటు కారుతోందేమో చూపే చేతి మీటరు పెట్టి అన్ని చోట్లా చూశాడు. గదికి తాళం ఉంది కాబట్టి లోపల మాత్రం చూడలేదు.

ఆ పొద్దు మగ్గం నడవలేదు. అంగడివాడు ఫోను చేస్తే, సోమవారానికి కాదు అని శ్రీరంగప్ప చెప్పాడు. ఎందుకని అడిగితే, "మా ఇంట్లో తప్పుండాది," అని పెట్టేశాడు.

*

ఆదివారం సాయంత్రం వాళ్లు సామాన్ల ఆటోతో వచ్చారు. శ్రీరంగప్ప ముందే ఓబుళేసును పిలిపించి సందులో నిలబెట్టుకున్నాడు. ఆటో చూడగానే అతనికి అర్థమైంది.

"ఇల్లు దొరికిందా అప్పా?"

"రైలు గేటవతల. రేకుల ఇల్లు," అన్నాడు ఇమ్మానుయేల్. తాళం తీయడానికి పోతుంటే శ్రీరంగప్ప అడ్డం నిలబడ్డాడు.

"ఒక మాట వినప్పా. తప్పు మీది కాదు."

చిల్లు దగ్గర కోసిన వైరు ముక్కను జేబులోంచి తీసి ఇచ్చాడు. జరిగింది చెప్పాడు. ఎక్కడా మెత్తగా చెప్పలేదు. ఇమ్మానుయేల్ వైరు ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"మేకు ఎవరు కొట్టింది?"

"నేనే."

"ఆ రేకు మేము చేరే రోజు కొత్తగా ఉండె. ఎందుకు కొట్టినారు?"

శ్రీరంగప్ప నోట్లో మాట తయారుగానే ఉంది, గడపకు అందంగా ఉంటుందని. అది రాలేదు. సందు మొదట్లో నిలబడి ఉన్న ఓబమ్మ చెప్పింది.

"మీరు వస్తాండారని."

ఆటోవాడు హారన్ కొట్టాడు. ఇమ్మానుయేల్ తాళం తీశాడు. ఓబుళేసు చేతి మీటరు పట్టుకుని లోపలికి పోయి ప్లగ్గులు, ఫ్యాను స్విచ్చి, నీళ్ల మోటారు పైపు, అన్నీ చూసి బయటికి వచ్చాడు. "అన్నీ బాగుండాయి. ఇదో, సూది చూడు, కదలదు," అని గౌతమికి చూపించాడు.

గౌతమి పాపను చంకన పెట్టుకుని సందులోనే నిలబడి ఉంది. మీటరు వైపు చూడలేదు.

"ఈ నాలుగు దినాలు మేము లేము. మీరేమి చేసినారో మాకేం తెలుసు?" అంది. "మొన్న నా పెట్టె వెతికినప్పుడు మేము ఏమి చెప్పినా మీరు నమ్మలేదు. ఇప్పుడు మీరు చెప్తే నేనెందుకు నమ్మల్ల?"

"గౌతమీ," అన్నాడు ఇమ్మానుయేల్.

"నువ్వుండు. నా బిడ్డ పాకేది ఈ నేల మీద."

శ్రీరంగప్ప చెప్పులు విడిచాడు. లోపలికి పోయి, బకెట్టులో కాళ్లు తడుపుకుని, తడి కాళ్లతో నేల మీద నిలబడి కుళాయిని పట్టుకున్నాడు. కిటికీ కమ్మీ పట్టుకున్నాడు. ప్లగ్గు ఉన్న గోడకు అరచేయి ఆనించాడు. ఓబుళేసు, "మీటరు చూపిస్తి గదా, ఇదంతా ఎందుకన్నా?" అన్నాడు. అతను వినిపించుకోలేదు. తిరిగి గౌతమి వైపు చూశాడు.

ఆమె ముఖం మారలేదు.

"మీరు ముడతారు. మొగోళ్లు పంతానికి ముడతారు," అంది. "మీ అమ్మను ముట్టనిస్తారా?"

శ్రీరంగప్ప మీటరు చూశాడు. ఓబుళేసు బిగించింది కళ్లారా చూశాడు. తన చేత్తో ముట్టాడు. అయినా నిన్న పొద్దున గాలిలో వణికిన ఆ పసుపు వేళ్లు కళ్ల ముందుకు వచ్చాయి. ఔననడానికి నోరు రాలేదు. ఎవరినైనా అడగగలిగే ప్రశ్నల్లో ఇంతకంటే న్యాయమైనది ఉంటుందా అనుకున్నాడు. ఇన్ని రోజులు వాళ్లు ఇట్లాగే ఉన్నారా, ఏ చోట ఏముందో తెలియక?

"అమ్మా," అని పిలిచాడు.

ఓబమ్మ సందులో గోడ పట్టుకుంటూ నడిచి వచ్చింది. వెనక గది కట్టినాక వాళ్లు చేరేదాకా అందులో ఉన్నది ఆమే. వాళ్లు చేరినాక ఈ తలుపు దాటలేదు. తలుపు ముందు ఆగింది. గౌతమిని చూసింది.

"లోపలికి రావచ్చునా పాపా?"

గౌతమి కొంచెం పక్కకు తప్పుకుంది.

ఓబమ్మ బకెట్టులో కాళ్లు తడుపుకుని లోపలికి అడుగు పెట్టింది. అరచేయి గోడకు ఆనించింది. ఆమె చెయ్యి తీయలేదు. అట్లాగే గోడ వెంట జరుపుకుంటూ కిటికీ కమ్మీ దాకా పోయింది. అక్కడినుంచి కుళాయికి. కుళాయినుంచి స్విచ్చిల పలకకు. ఎవరూ చెప్పకుండానే ఒక్కో చోట ఆగి, వేళ్లతో తడిమి, ముందుకు కదిలింది. చంకలో పాప ఆమె చేతి వెంట తల తిప్పి చూస్తోంది.

"ఇంకేమన్నా ఉండాదా?" అని అడిగింది ఓబమ్మ.

గౌతమి చూపు మంచం మీదికి పోయింది.

"మంచం కింద ఒక ప్లగ్గుండాది అవ్వా," అంది. "పాప ఎప్పుడూ ఆడికే పోతాది."

ఓబమ్మ మోకాళ్ల మీద చేతులు ఊని మెల్లగా కింద కూర్చుంది. ముసలి నడుం వంగక, ఒక చెయ్యి నేలకు ఆనించి, ఇంకో చేత్తో మంచం కింద వెతుక్కోసాగింది. బయట ఆటోవాడు మళ్లీ హారన్ కొట్టాడు. ఇమ్మానుయేల్ భార్య ముఖంలోకి చూశాడు. ఆమె అతన్ని చూడలేదు. పాపను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుని, కిందికి వంగి, "ఇంకొంచెం ఎడం పక్కకవ్వా," అంది.